అన్నమాట, విన్నమాట

ఒకరు ఒక మాట అంటే మరొకరికి ఇంకో మాట వినిపించడం మనకు నవ్వు పుట్టించే సంగతి. రంగస్థలం మీద చెవిటివాడి హాస్యం ఎంత పాతదో, పల్లెటూరివాడి నోట ఇంగ్లీషు మాట వంకర తిరిగే హాస్యమూ ఇంచుమించు అంత పాతదే. కూలీల పక్షాన, రైతుల పక్షాన కలం పట్టామని చెప్పుకునే మన కథకులు కూడా ఈ హాస్యానికి దూరంగా లేరు. కథలో కలెక్టరు నోట, ప్లీడరు నోట మాటలన్నీ వాచకంలో ఉన్నట్టు నడుస్తాయి. పాలేరు నోరు విప్పేసరికి అక్షరాలు తారుమారవుతాయి. పాఠకుడు నవ్వుతాడు. రచయిత దాన్ని వాస్తవికత అంటాడు.

ఈ వాస్తవికతను కాస్త పరీక్షించి చూడాలని ఈ వ్యాసం. పొరపాటుగా వినడం అంటే ఏమిటి, అది ఎలా జరుగుతుంది, ఎవరి పొరపాటు నిఘంటువుకెక్కుతుంది, ఎవరిది ఎగతాళి పాలవుతుంది - ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ అవసరం. నేను పుట్టి పెరిగిందీ, పాఠాలు చెబుతున్నదీ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మధ్య కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఆ నేల నుంచే తీసుకుంటాను.

మొదట ఒక గందరగోళం తొలగించాలి. ఇస్కూలు, టేసను, గలాసు, పిలీడరు, ఆపీసు - వీటన్నిటినీ మనం తప్పుగా విన్న మాటల కింద జమకడతాం. నిజానికి ఇవి పరభాషా శబ్దం తెలుగు నాలుకకు లొంగేటప్పుడు పొందే రూపాలు. వీటికి నియమం ఉంది. మాట మొదట రెండు హల్లులు కలిసివస్తే తెలుగు నాలుక వాటి మధ్య ఒక అచ్చును చేరుస్తుంది, లేదా ఒక హల్లును జారవిడుస్తుంది. గ్లాసు గలాసయింది అలాగే. శ్రీ సిరి అయిందీ అలాగే. స్టేషన్ టేసను అయినప్పుడు పోయిన తొలి సకారం, స్తంభం కంబమైనప్పుడూ, స్నానం తానమైనప్పుడూ పోయింది. భక్తి బత్తి అయినప్పుడు నిలవని ఒత్తు, ఆఫీసు ఆపీసయినప్పుడూ నిలవలేదు.

సిరి, కంబం, బత్తి వంటి మాటలకు మన వ్యాకరణం తద్భవాలని పేరుపెట్టి పీట వేసింది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమం పక్కనే తద్భవానికీ చోటుంది. తద్భవాన్ని పద్యంలో వాడిన కవిని ఎవరూ నవ్వరు. అదే నియమానికి లోబడి పుట్టిన టేసను మాత్రం హాస్యగాడి సొత్తయింది. తేడా ధ్వని సూత్రంలో లేదు. సిరి అన్నవాళ్ళు పోయి వెయ్యేళ్ళయింది, టేసను అన్నవాడు మన ఎదురుగా గోచీ బిగించుకుని నిలబడి ఉన్నాడు. తేడా అంతే.

ఇక నిజంగా పొరపాటున విన్న మాటల సంగతి. మా బడి పిల్లలు రోజూ పొద్దున్న ప్రతిజ్ఞ చేస్తారు. 1962లో పైడిమర్రి వెంకటసుబ్బారావు తెలుగులో రాసిన ప్రతిజ్ఞ అది. తరవాత దేశమంతటా పాఠశాలల్లోకి వెళ్ళింది. అందులో "సర్వదా" అన్న మాట ఉంది. ఎప్పుడూ అని దాని అర్థం. ఏటా కొత్తగా చేరిన పిల్లల్లో కొందరు దాన్ని "సరదా" అంటారు. దేశం కోసం సరదాగా కృషి చేస్తామని చెయ్యి చాపి గట్టిగా చెబుతారు. వాళ్ళను ఆపి అడిగితే బిత్తరపోతారు. వాళ్ళ ఇళ్ళలో "సర్వదా" అనేవాళ్ళు లేరు. సరదా మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. చెవికి అందిన శబ్దానికి, ఇంట్లో ఉన్న మాటల్లో అతి దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి వాళ్ళు జతచేశారు. ఏ చెవి అయినా చేసే పని ఇదే.

పొరపాటు ఒకరిదగ్గర ఆగితే సరిదిద్దుకుంటాం. నలుగురిదీ అయితే అది భాష అవుతుంది. రెంటికీ పోలిక లేదని చెప్పడానికి నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటాం. నాకమంటే స్వర్గం. నేలమీద బొరియలో ఉండే నక్కకూ స్వర్గానికీ ఎంత దూరమో అంత తేడా అని భావం. ఇప్పుడు పది మందిని అడగండి, సగానికి సగం మంది "నాగలోకం" అంటారు. నాకం అన్న సంస్కృత పదం వాడుకలోంచి జారిపోయింది. నాగుపాము చేలగట్టుమీదే ఉంది. తెలియని నాకం స్థానంలో తెలిసిన నాగం వచ్చి కూర్చుంది. నాగలోకం పాతాళంలో ఉంటుంది కాబట్టి దూరం చెడలేదు, సామెతా చెడలేదు. పైకి చూడవలసినవాడు కిందికి చూస్తున్నాడు, అంతే. ఇలా పాతమాటకు జనం కొత్త అర్థం కల్పించుకోవడాన్ని భాషాశాస్త్రంలో లోకనిరుక్తి అంటారు.

ఇందులో ఒక పరిశోధన సూత్రం కూడా దాగి ఉంది. చెవి ఎప్పుడూ తెలియనిదాన్నుంచి తెలిసినదాని వైపే జారుతుంది. కాబట్టి ఒకే పాటకు, పద్యానికి రెండు పాఠాలు దొరికినప్పుడు, వాటిలో కష్టంగా తోచేదే పాతదై ఉండడానికి ఎక్కువ అవకాశం ఉంది. నాకం నాగమవుతుంది కానీ నాగం నాకం కావడం అరుదు. పరిష్కర్తలు తాళపత్రాల విషయంలో ఈ సూత్రాన్ని పాటిస్తూనే ఉన్నారు. నోటిపాటల విషయంలోనూ పాటించాలి.

అక్షరాస్యతకు మన భాషలో ఉన్న తొలిమాటే చూడండి. ఓనమాలు. "ఓం నమః" అని పంతులు పలికిస్తుంటే వీధిబడి పిల్లలు వల్లించిన మంత్రం, వాళ్ళ నోట ఓనమ అయి, చివర బహువచనం చేరి ఓనమాలయింది. మంత్రం పోయి అక్షరమాలకు పేరు మిగిలింది. చదువు రాని పిల్లల చెవి తయారుచేసిన మాటనే మనం చదువుకు పేరుగా పెట్టుకున్నాం.

ఇది ఎలా జరుగుతుంది? మనం మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉంటుందనుకుంటాం. ఖాళీ కాగితంమీదే ఉంటుంది. నోటి నుంచి వచ్చేది ఎడతెగని ధార. దాన్ని ఎక్కడ తెంపాలో వినేవాడు నిర్ణయించుకోవాలి. తెలుగులో ఈ పని మరీ కష్టం. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. తరవాతి మాట అచ్చుతో మొదలైతే సంధి రెంటినీ అతికిస్తుంది. "మావిడాకులు" అన్నది గుమ్మానికి కట్టే తోరణమా, మొగుడూ పెళ్ళాల తెగతెంపులా అన్నది తెంపే చోటును బట్టి ఉంటుంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ చెప్పి రాఘవపాండవీయం రాసింది ఈ వసతి మీదే. పండితులు దాన్ని సభంగశ్లేష అన్నారు. సూరన తెలిసి చేసిన పనిని కూలి మనిషి చెవి తెలియక చేస్తుంది.

పాటలో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో అచ్చు పొడవును బట్టి అర్థం మారుతుంది. కలం వేరు, కాలం వేరు. వడ వేరు, వాడ వేరు. మాట్లాడేటప్పుడు ఈ తేడా స్పష్టం. పాటలో తాళం కోసం పొట్టి అచ్చును సాగదీస్తాం, పొడుగు అచ్చును కుదిస్తాం. దానికి తోడు వాద్యాల హోరు. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ తరంలో గ్రామఫోనులోనో, పంచాయతీ రేడియోలోనో, డేరా హాలులోనో పాట విని నేర్చుకున్నవాళ్ళకు పాడేవాడి పెదవులు కనిపించవు. అడిగి తెలుసుకునే వీలూ లేదు. సినిమాహాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్ముడుపోవడానికి ఇదొక కారణం. చదవగలిగినవాడు కొనుక్కుని సరిచూసుకున్నాడు. చదవలేనివాడు తన చెవి ఇచ్చిన పాఠంతోనే పాడుకున్నాడు.

ఇది మన ఒక్క భాషకే ఉన్న జబ్బు అనుకోవద్దు. 1954లో సిల్వియా రైట్ అనే అమెరికన్ రచయిత్రి హార్పర్స్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. చిన్నప్పుడు తల్లి చదివి వినిపించిన ఒక స్కాట్లండు వీరగాథలో, చంపిన వీరుణ్ణి పచ్చికమీద పడుకోబెట్టారన్న మాటలు ఆమెకు "లేడీ మాండెగ్రీన్" అని వినిపించాయట. వీరుడితోపాటు ఆ పేరుగల దొరసాని కూడా చనిపోయిందని ఆమె నమ్మింది. అప్పటినుంచి ఇంగ్లీషులో ఇటువంటి మాటలకు మాండెగ్రీన్ అని పేరు నిలిచింది. 1981లో జాన్ ఒహాలా అనే ధ్వనిశాస్త్రవేత్త ఇంకొంచెం ముందుకు పోయాడు. భాషలో ధ్వనులు మారడానికి మూలం పలికేవాడిలోనే కాదు, వినేవాడిలోనూ ఉందన్నాడు. అన్నమాట ఎంత ముఖ్యమో విన్నమాట కూడా అంత ముఖ్యమని శాస్త్రం ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎవరి చెవికి గౌరవం?

మోటుపల్లి రేవు ఒకప్పుడు మా ప్రకాశం జిల్లాలోది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోది. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చిన చోటు. 13వ శతాబ్దం చివర వచ్చిన మార్కోపోలో ఆ పేరును "ముత్‌ఫిలి" అని విన్నాడు. రేవు పేరునే మొత్తం కాకతీయ రాజ్యానికి అంటగట్టాడు కూడా. చరిత్రకారులు ఆ మాటను భక్తితో విప్పి చదువుతారు. మన పందికొక్కును ఇంగ్లీషువాడు "బాండికూట్" అని విన్నాడు. అది వాళ్ళ నిఘంటువుకెక్కింది. ఆస్ట్రేలియాలో దానికి చుట్టమే కాని ఒక జంతువుకు కూడా అదే పేరు పెట్టారు. దొర చెవి తప్పు వింటే అది మాట. కూలి చెవి తప్పు వింటే అది తప్పు.

దొరల మాట అలా ఉంచి మన పండితుల చెవిని చూడండి. గుంటూరును గర్తపురి అన్నారు. గర్తమంటే గుంట. అది అనువాదమైనా అయింది. చీరాలను క్షీరపురి అన్నారు. నేతగాళ్ళ ఊరి పేరులో వాళ్ళకు పాలు వినిపించాయి. తెలుగు అన్న పేరుకే త్రిలింగమని వ్యుత్పత్తి చెప్పి మూడు శైవక్షేత్రాలను సరిహద్దులుగా నిలబెట్టారు. అది దేశ్యమైన పేరుకు తరవాత అతికించిన సంస్కృత రూపమని ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు చాలామంది అభిప్రాయం. నాకాన్ని నాగం చేసిన పల్లెటూరి చెవికీ, తెలుగును త్రిలింగం చేసిన పండితుడి చెవికీ పని ఒకటే. తనకు తెలిసిన సామగ్రితో తెలియని శబ్దానికి అర్థం కట్టడం. పండితుడి సామగ్రి సంస్కృతం, రైతు సామగ్రి చేను. ఒకదాన్ని వ్యుత్పత్తి అనీ, రెండోదాన్ని అపభ్రంశం అనీ పేర్లు పెట్టింది వాళ్ళిద్దరిలో ఒకడే.

ఇదంతా మాటల గొడవే కదా అనవచ్చు. మా నేలమీద ఇది ప్రాణాల గొడవ కూడా అయింది.

మిరప చేలో రైతు వాడే మాటలు చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పైముడత. కిందికి ముడుచుకుంటే కిందిముడత. మొదటిది తామరపురుగు పని, రెండోది నల్లి పని. రెంటికీ మందులు వేరు. ఈ రెండు మాటల్లో రోగలక్షణం ఉంది, దాన్నిబట్టి కారణమూ తెలుస్తుంది. ఎంత దూరం నుంచి కేకేసి చెప్పినా ఎవరికీ పొరపాటున వినిపించవు. అర్థం ఉన్న మాటను చెవి పట్టుకుంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించింది. అందులో ఏ పుట తిప్పినా ఇటువంటి మాటల పొందిక కనిపిస్తుంది.

అదే రైతు పురుగుమందుల కొట్టుకు వెళ్ళినప్పుడు ఒకప్పుడు వినిపించిన మాటలు వేరు. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోరిపైరిఫాస్, ట్రయజోఫాస్. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్. అన్నిటి తోకలూ ఒకేలా ఉంటాయి. వాటిలో రైతుకు అర్థమయ్యే ముక్క ఒక్కటీ లేదు. అందుకని తోకలు కోసి "మోనో", "సైపర్" అన్నాడు. తేడా తల భాగంలో ఉంది కాబట్టి తలనే ఉంచుకున్నాడు. చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వారు. నిజానికి అర్థం లేని శబ్దాల గుంపులో దారి తప్పకుండా ఉండటానికి నిరక్షరాస్యుడు చేసుకున్న ఏర్పాటు అది. పైగా తెలుగులో పురుగుకు కొట్టేదీ మందే, రోగికి ఇచ్చేదీ మందే, మనిషి తాగి తూలేదీ మందే. "మందు కొట్టాడు" అంటే చేనుకా, తనకా అన్నది సందర్భం చెప్పాలి. విషం అన్న మాట వ్యాపారంలో ఎక్కడా వినిపించదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం డబ్బా మీద విషతీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే. ఈ సంగతి కంటికి చెప్పారు కానీ చెవికి ఎవరు చెప్పారు?

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు మితిమీరి కొట్టడంవల్ల దోమను తినే మిత్రపురుగులు చచ్చి దోమ విజృంభించిందని తరవాత శాస్త్రజ్ఞులు తేల్చారు. అప్పుమీద తెచ్చిన మందులు పనిచేయలేదు. ఎకరాల కొద్దీ కౌలు, వడ్డీలు మీదపడ్డాయి. రైతులు ఆ మందులే తాగి చనిపోయారు. ఆ మరణాలకు కారణం తప్పుగా వినడమని నేను అనను. కారణాలు అప్పులో, కౌలులో, ధరలో ఉన్నాయి. కానీ రైతుకు తన చేతిలోని డబ్బా ఏమిటో, ఎంత కలపాలో, దేన్ని చంపుతుందో తన భాషలో తెలియకపోవడం ఆ కారణాలకు తోడయింది. 1990లో ఎండ్రిన్‌ను మన దేశంలో నిషేధించారు. ఆ తరవాత కూడా ఏ మందు తాగి చనిపోయినా "ఎండ్రిన్ తాగాడు" అనడం మా ఊళ్ళలో చాలాకాలం పోలేదు. జనం స్పష్టంగా విని, మరిచిపోకుండా దాచుకున్న పేరు అదొక్కటే. దాని అర్థం వాళ్ళకు అనుభవంలో తెలిసింది.

ఇక్కడ రచయితలమైన మనకు ఒక పాఠం ఉంది. మనం రాసే పాటలు కూడా కొన్ని ఆ డబ్బాల్లాంటివే. ఆ మధ్య ఒక సభలో కుర్రకవి పాడిన పాటలో పల్లవి చివర "జ్వాల" అన్న మాట వచ్చింది. మర్నాడు మిరపకోతకు పోతున్న ఆడవాళ్ళు అదే పాట పాడుకుంటూ వెళ్తున్నారు. పాట వాళ్ళకు నచ్చింది. కానీ జ్వాల వాళ్ళ నోట "జోల" అయింది. కవి మంట పెట్టాననుకున్నాడు, వాళ్ళు ఉయ్యాల ఊపుతున్నారు. ఆ కవి మిత్రుడు వాళ్ళ అజ్ఞానానికి చాలా బాధపడ్డాడు. వాళ్ళ ఇంట్లో మంట ఉంది, సెగ ఉంది, నిప్పు ఉంది, అగ్గి ఉంది. ఇన్ని ఉండగా జ్వాలను ఎందుకు తెచ్చాడన్న ప్రశ్న అతనికి తోచలేదు.

మన ముందుతరం ఈ ప్రశ్నను ఎదుర్కొంది. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. ఆ రోజుల్లోనే ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ కళను వేలమంది ముందు నిలబెట్టాడు. బుర్రకథ నిర్మాణాన్ని చెవి వైపు నుంచి చూడండి. కథకుడు ఒక మాట చెబుతాడు. వంత పలుకుతారు. హాస్యపు వంత అర్థం కానట్టు అడ్డుపడి అడుగుతాడు. కథకుడు అదే సంగతిని ఇంకా తేలిక మాటల్లో మళ్ళీ చెబుతాడు. రాజకీయపు వంత దాన్ని ఈనాటి ఊరి సంగతికి ముడిపెడతాడు. ఒకే విషయం మూడు తీరుల్లో మూడుసార్లు చెవిన పడుతుంది. ఒకసారి పొరపాటున విన్నవాడు రెండోసారి సరిదిద్దుకుంటాడు. జనం పొరపాటుగా వింటారని ముందే తెలిసి, అందుకు వాళ్ళను నిందించకుండా, ఆ భారాన్ని తన మీద వేసుకున్న కళారూపం అది. పుస్తకంలో ముద్రించినప్పుడు పునరుక్తి దోషంలా కనిపించేది వేదిక మీద గుణం.

జానపద గేయాలు సేకరించే విద్యార్థులకు ఒక మనవి. పాడినవాళ్ళ మాట మీకు తప్పుగా తోస్తే అక్కడికక్కడే దిద్దకండి. విన్నది విన్నట్టు రాయండి. మీ ఊహను పుట అడుగున వేరుగా రాసుకోండి. అన్నిటికన్నా ముందు, ఆ మాటకు అర్థమేమిటని పాడినవాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పే అర్థం నిఘంటువులో ఉండకపోవచ్చు. కానీ ఆ పాట ఇన్నాళ్ళు బతికింది ఆ అర్థంతోనే. పల్నాటి కథను శ్రీనాథుడి పేర ఉన్న ద్విపదగా అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేశారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడులో పాడేవాళ్ళ నోట విన్న కథను ఆధారం చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. రెండూ విలువైనవే. అచ్చులోదాన్ని ప్రమాణంగా పెట్టుకుని నోటిదాన్ని దిద్దితే మనకు మిగిలేది ఒక్కటే.

కథకులకూ ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం పోరాడింది పాత్రలను నవ్వులపాలు చేయడానికి కాదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిలో గుంటూరు సీమ మాటను నవల నిండా నడిపించినప్పుడు, ఆ మాట నవల పరువు తగ్గించలేదు. మీ పాత్ర ఒక మాటను వేరేగా వింటే, అతను విన్నదాన్నుంచి ఏం అర్థం చేసుకున్నాడో కూడా రాయండి. ఆ అర్థం వెనక అతని ఇల్లు, పని, భయం, ఆశ కనిపిస్తాయి. అది రాయకుండా వంకర మాటను ఒక్కదాన్నే అచ్చువేస్తే మీరు రాసింది పాత్ర కాదు, వేషం. ఆ తరవాత కలెక్టరు వైపు కూడా ఒకసారి చెవి పెట్టండి. రైతు "పైముడత" అంటే ఆయనకు ఏం వినిపించిందో, కాగితంమీద ఏమని రాసుకున్నాడో చూడండి. ఇన్నాళ్ళూ కిందివాడి చెవిమీదే కథలు రాశాం. పైవాడి చెవిమీద రావలసిన కథలు చాలా ఉన్నాయి.